జనం భాషలో ఆడవాళ్ళ కథలు: ఫెంగ్ మెంగ్‌లొంగ్ జీవితం, ఆలోచనలు

(కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



చైనా రచయిత గురించి మాట్లాడతానంటే మీలో చాలామంది లూ సున్ గురించి చెబుతానని అనుకొని ఉంటారు. లూ సున్ మనకు కొత్తవాడు కాదు. నేను ఆయనకంటే మూడు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళదలుచుకున్నాను. అప్పుడు జనం మాట్లాడుకునే భాషలో కథలు రాసిన ఒక మనిషి ఉన్నాడు. పేరు ఫెంగ్ మెంగ్‌లొంగ్. 1574లో పుట్టి 1646లో చనిపోయాడు. మింగ్ రాజవంశం చివరి రోజుల మనిషి.

ఆయన కూర్చిన కథలు 120. వాటిలో వేశ్యలున్నారు, వ్యాపారుల భార్యలున్నారు, బిచ్చగాళ్ళ పెద్ద కూతురు ఉంది. అరవయ్యో ఏట ఆయన ఒక కొండ ప్రాంతానికి అధికారిగా వెళ్ళాడు. పుట్టిన ఆడపిల్లల్ని నీళ్ళలో ముంచి చంపడాన్ని నిషేధిస్తూ అక్కడ ఒక ప్రకటన జారీ చేశాడు. ఆ ప్రకటన పాఠం ఇవాళ్టికీ ఉంది. నేను ఈ రచయిత గురించి చదవడం మొదలుపెట్టింది ఆ ప్రకటన వల్లే. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఒక మగవాడు, అందులోనూ ప్రభుత్వాధికారి, ఆడశిశువు తరఫున ఏం మాట్లాడాడు, ఎలా మాట్లాడాడు అన్నది మనకు పనికొచ్చే విషయం అనిపించింది. ఆయన్ని పొగడడానికి నేను రాలేదు. ఆయన దగ్గర తీసుకోవాల్సింది ఏమిటి, వదిలేయాల్సింది ఏమిటి అని మీతో కలిసి ఆలోచించడానికి వచ్చాను.

ఆయన ఊరు, ఆయన కాలం

ఫెంగ్ సొంత ఊరు సూచౌ. తూర్పు చైనాలో పట్టు నేతకూ వ్యాపారానికీ పేరున్న పట్టణం. ఆ రోజుల్లో అక్కడ చెక్క దిమ్మల మీద అక్షరాలు చెక్కి పుస్తకాలు అచ్చు వేసేవాళ్ళు. పుస్తకం అమ్ముకొని బతకగలిగిన కాలం అది. చదవగలిగిన దుకాణదారులు, గుమస్తాలు, డబ్బున్న ఇళ్ళలో అక్షరాలు నేర్చిన స్త్రీలు పాఠకులుగా తయారయ్యారు.

అప్పటి చైనాలో రాతకు రెండు భాషలుండేవి. పండితులు, అధికారులు వాడే ప్రాచీన భాష ఒకటి. అది ఎవరూ మాట్లాడని భాష. జనం మాటకు దగ్గరగా ఉండే భాష రెండోది. పెద్ద పరీక్షలు, ప్రభుత్వ పత్రాలు, గౌరవమైన కవిత్వం అంతా మొదటి దాంట్లోనే. కథలు, నాటకాలు, పాటలు రెండో దాంట్లో. గ్రాంథిక, వ్యావహారిక వివాదం జరిగిన గడ్డ మీద పుట్టినవాళ్ళం కాబట్టి ఈ తేడా మనకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఎవరి భాషకు గౌరవం లేదో వాళ్ళ అనుభవానికీ గౌరవం ఉండదు. స్త్రీల విషయంలో ఇది మరీ నిజం. ప్రాచీన భాష నేర్పే చదువు ఆడపిల్లల్లో ఎక్కువమందికి అందేది కాదు.

ఫెంగ్ చదువుకున్న కుటుంబంలో పుట్టాడు. కన్ఫ్యూషియస్ గ్రంథాల్లో ఒకటైన ‘వసంత శరత్ వృత్తాంతాలు’ మీద ఆయనకు మంచి పట్టు. ఆ గ్రంథం మీద పరీక్ష రాసేవాళ్ళ కోసం పుస్తకాలు కూడా రాశాడు. కానీ తాను మాత్రం పై పరీక్షలో మళ్ళీ మళ్ళీ తప్పాడు. పిల్లలకు పాఠాలు చెప్పి, ప్రచురణకర్తలకు పుస్తకాలు రాసిచ్చి బతికాడు. ఉద్యోగం దొరికి ఉంటే ఈ కథలు వచ్చేవి కావేమో. అధికారానికి దూరంగా గడిపిన ఆ నలభై ఏళ్ళే ఆయన్ని వీధిలో వినిపించే మాట వైపు తిప్పాయి.

రెండు పాటలు చెప్పి వెళ్ళిన స్త్రీ

కథలకంటే ముందు ఆయన పాటలు సేకరించాడు. సూచౌ చుట్టుపక్కల జనం పాడుకునే పాటలు, పడవల మీద, పొలాల్లో, వేశ్యావాటికల్లో వినిపించే పాటలు. ‘షాన్ గ’, అంటే కొండ పాటలు, అనే సంపుటంలో వాటిని అక్కడి యాసలోనే, ఊ భాషలో, రాసిపెట్టాడు. వాటిలో చాలావరకు ప్రేమ పాటలు. పెళ్ళయిన ఆడది రహస్యంగా కోరుకున్నవాడి కోసం పాడేవి, తల్లి కళ్ళు కప్పి బయటికి వెళ్ళే పిల్ల పాడేవి. పండితులు చెవులు మూసుకునే పాటలు. ముందుమాటలో ఆయన తన వాదన స్పష్టంగా చెప్పాడు. పండితుల కవిత్వంలో నకిలీ ఉంటుంది కానీ కొండ పాటల్లో నకిలీ ఉండదన్నాడు. స్త్రీ పురుషుల మధ్య ఉండే నిజమైన ప్రేమను చూపించి, నీతి బోధల పేరుతో అమ్ముతున్న దొంగ మందు గుట్టు బయటపెట్టడమే తన ఉద్దేశమన్నాడు.

అయితే ఇలాంటి పాటల్లో చాలావాటిని కట్టింది మగవాళ్ళే కావచ్చు. ఆడదాని గొంతులో మగవాడు పాడడం మన జానపదంలోనూ ఉంది. కాబట్టి ప్రతి పాటనూ స్త్రీ మనసులోని మాటగా తీసుకోవడానికి లేదు. కానీ ఒక పాట ఎవరు చెప్పారో ఫెంగ్ రాసిపెట్టాడు. ఆ సంఘటన నన్ను చాలా కదిలించింది.

ఫెంగ్ షీషెంగ్ అని ఒక వేశ్య. ఇంటిపేరు ఒకటే అయినా ఆయన బంధువని ఎక్కడా లేదు. ఆయనకు మంచి స్నేహితురాలు, హాస్యంగా మాట్లాడేది. ఆమెను ఎవరో ఇంటికి తీసుకువెళ్ళడానికి నిర్ణయమైంది. ఆ ముందురోజు రాత్రి వీడ్కోలు చెప్పడానికి ఈయనను పిలిపించింది. అర్ధరాత్రి దాకా మాట్లాడుకున్నారు. లేచి వెళ్ళబోతూ, ఇంకా చెప్పకుండా మిగిలిన మాట ఏమైనా ఉందా అని ఆయన అడిగాడు. తనకు గుర్తున్న పాటలు రెండున్నాయని, అవి మాత్రమే ఆయనకు ఇంతవరకు చెప్పలేదని ఆమె అంది. ఆ రెండూ పాడి వినిపించింది. తర్వాత ఆమె ఏమైందో పుస్తకంలో లేదు.

ఇది చదివి నేను ఆలోచనలో పడ్డాను. రేపటి నుంచి ఆమె ఒక ఇంటి నాలుగు గోడల మధ్య ఉండబోతోంది. వెళ్ళేముందు తన దగ్గర ఉన్నది అచ్చులోకి ఎక్కించగల మనిషి చేతిలో పెట్టింది. తన దగ్గర దాచదగ్గ విలువైనది ఏదో ఉందని ఆమెకు తెలుసు. ఆయనకు కూడా తెలుసు కాబట్టే అడిగాడు. ఊళ్ళలో తిరిగి స్త్రీల పాటలు, కథలు, జీవిత చరిత్రలు రికార్డు చేసినవాళ్ళు మనలో ఉన్నారు. లేచి వచ్చేముందు, చెప్పకుండా మిగిలింది ఏమైనా ఉందా అని అడిగే అలవాటు మనకు ఎంతమందికి ఉంది?

అదే సమయంలో మరొక సంగతి మరిచిపోకూడదు. ఈ స్నేహాలన్నీ వేశ్యావాటికలో పుట్టినవి. డబ్బున్న మగవాడు వెళ్ళి, లేచి రాగల చోటు అది. అక్కడ ఉన్న స్త్రీ అలా లేచి రాలేదు. హౌ హుయిచింగ్ అనే వేశ్యను ఫెంగ్ గాఢంగా ప్రేమించాడు. ఆమె ఆయన్ని వదిలి మరొకరితో వెళ్ళిపోయింది. ఆ దుఃఖంతో ఆయన పద్యాలు, పాటలు రాశాడు. ఆయన బాధ మన దాకా చేరింది. ఆమె ఎందుకు వెళ్ళింది, వెళ్ళి సుఖపడిందా అన్నది ఎవరూ అడిగినట్టు లేదు. స్త్రీల మాట విన్న మనిషి కూడా తనకు సంబంధించిన స్త్రీ మాటను వినిపించలేకపోయాడు.

నదిలోకి దూకిన స్త్రీ, నదిలోకి తోసేసిన స్త్రీ

1620 తర్వాత ఏడెనిమిదేళ్ళలో ఫెంగ్ మూడు కథా సంపుటాలు తెచ్చాడు. ఒక్కొక్క దాంట్లో నలభై కథలు. మూడు పేర్లూ ‘యెన్’, అంటే మాట, అనే పదంతో ముగుస్తాయి కాబట్టి వీటిని కలిపి ‘సాన్ యెన్’, మూడు మాటలు, అంటారు. లోకానికి తెలియజెప్పే మాటలు, హెచ్చరించే మాటలు, మేలుకొలిపే మాటలు అని వాటి అర్థం. అన్నీ ఆయన సొంతంగా అల్లినవి కావు. పాత కథలను తీసుకొని తిరగరాసినవి ఎక్కువ, కొత్తగా రాసినవి కొన్ని. పవిత్ర గ్రంథాలు రోజూ వల్లించినా మనిషి మనసు మారేది తక్కువే, కథ మాత్రం త్వరగా, లోతుగా తాకుతుంది అని మొదటి సంపుటం ముందుమాట చెబుతుంది. అది మారుపేరుతో ఉన్నా ఆయన రాసిందేనని పరిశోధకుల అభిప్రాయం.

రెండు కథలు చెబుతాను. మొదటిది తూ షీనియాంగ్ కథ. పదమూడో ఏట వృత్తిలోకి వచ్చిన అమ్మాయి, ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. బీజింగ్‌లో పేరున్న వేశ్య. లీ చియా అనే అధికారి కొడుకు ఆమెను ప్రేమించాడు. అతని డబ్బు అయిపోయాక ఇంటి యజమానురాలు అతన్ని వదిలించుకోవడానికి ఒక మాటంది. పది రోజుల్లో 300 లియాంగ్‌ల వెండి తెస్తే పిల్లను తీసుకుపొమ్మంది. తెలిసినవాళ్ళెవరూ అతనికి అప్పు పెట్టలేదు. షీనియాంగ్ తన పరుపులో దాచుకున్న 150 తీసి ఇచ్చింది. మిగతా 150 ఒక స్నేహితుడు సర్దాడు. అంటే తన స్వేచ్ఛకు సగం వెల తానే కట్టింది. తోటి వేశ్యలు ఆమెకు తాళం వేసిన ఒక పెట్టె ఇచ్చి పంపారు.

ఇద్దరూ పడవ మీద దక్షిణానికి బయలుదేరారు. లీ చియాకు తండ్రి భయం పట్టుకుంది. ఒక రేవులో సున్ ఫూ అనే ఉప్పు వ్యాపారి ఆమెను చూశాడు. వెయ్యి లియాంగ్‌లు ఇస్తాను, ఆమెను నాకు వదిలెయ్యి, డబ్బుతో ఇంటికి వెళితే మీ నాన్న క్షమిస్తాడు అన్నాడు. లీ చియా ఒప్పుకున్నాడు. షీనియాంగ్ ఏడవలేదు. తెల్లవారుజామున లేచి శ్రద్ధగా ముస్తాబయింది. వెయ్యి లియాంగ్‌లు పూర్తిగా లెక్కపెట్టి ఇచ్చేదాకా ఆగింది. అప్పుడు అందరి ముందూ పెట్టె తెరిచింది. అరల నిండా నగలు, ముత్యాలు, రత్నాలు, వెయ్యికి ఎన్నో రెట్లు. ఒక్కొక్క అరా నదిలో పారబోసింది. ఇద్దరు మగవాళ్ళనూ దులిపేసింది. పెట్టెతో సహా నీళ్ళలోకి దూకింది.

ఈ కథ మూలం ప్రాచీన భాషలో అంతకుముందే ఉంది. సాన్ యెన్‌లో అది జనం భాషలోకి వచ్చింది. వెయ్యి లియాంగ్‌లకు తనను అమ్మిన మనిషికి, అతను పోగొట్టుకున్నది ఎంతో ఆమె లెక్క చూపించింది. కానీ చివరికి చనిపోయింది ఆమే. ఆ డబ్బుతో ఆమె ఎక్కడికైనా వెళ్ళి బతకవచ్చు కదా అని మనం అడుగుతాం. ఏ ఇంటికి వెళ్ళాలి? మగవాడి పేరు లేకుండా ఆమెకు ఇల్లు ఇచ్చే సమాజం కాదు అది. కథ ఆ ప్రశ్న దాకా వచ్చి ఆగిపోయింది.

రెండో కథ చిన్ యూనూది. ఆమె తండ్రి బిచ్చగాళ్ళకు పెద్ద. డబ్బుంది, పరువు లేదు. మో చి అనే పేద విద్యార్థిని ఇల్లరికం తెచ్చుకున్నారు. యూనూ అతనికి పుస్తకాలు కొనిపెట్టింది, దగ్గరుండి చదివించింది. అతను పెద్ద పరీక్ష ప్యాసై ఉద్యోగం సంపాదించాడు. అప్పటి నుంచి బిచ్చగాళ్ళ అల్లుడు అనే మాట అతన్ని తినేసింది. ఉద్యోగానికి వెళుతూ రాత్రిపూట వెన్నెల చూద్దాం రమ్మని భార్యను పిలిచి పడవ మీద నుంచి నదిలోకి తోసేశాడు. మో చికి పై అధికారి అయిన ఒక పెద్దమనిషి ఆమెను కాపాడి కూతురిగా పెంచుకున్నాడు. ఆ అధికారి కూతురితో సంబంధం అనగానే మో చి ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. పెళ్ళిరాత్రి గదిలో అడుగుపెట్టగానే ముసలీ ముతకా దాసీలంతా వెదురు బెత్తాలతో అతన్ని చావబాదారు. పీటల మీద కూర్చున్నది యూనూయే.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే మనం చప్పట్లు కొట్టేవాళ్ళం. కానీ తర్వాత ఆమె అతన్ని తిట్టి, ఏడ్చి, రాజీపడి కాపురం చేసింది. చంపబోయిన మొగుడి దగ్గరికే తిరిగి వెళ్ళింది. మన సలహా కేంద్రాలకు వచ్చే కేసులు గుర్తొస్తున్నాయి కదా? పెద్దమనుషులు కూర్చుంటారు, అల్లుడికి నాలుగు చీవాట్లు పెడతారు, పిల్లను మళ్ళీ అదే ఇంటికి పంపిస్తారు. ఫెంగ్ కథ ఆ హింసను బయటపెట్టింది, దోషిని నవ్వులపాలు చేసింది. వివాహం అనే చట్రాన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఇలాంటి పరిమితులున్నా, ఆయన కథల్లో స్త్రీ కేవలం పతివ్రతగానో కులటగానో మిగిలిపోదు. మొదటి సంపుటంలోని మొదటి కథలో, భర్త వ్యాపారానికి వెళ్ళి ఏళ్ళ తరబడి రాకపోతే భార్య మరొకరికి దగ్గరవుతుంది. భర్త తిరిగి వచ్చి తెలుసుకొని విడాకులిస్తాడు. కానీ ఆమెను రచ్చకీడ్చడు, తన ఆలస్యం కూడా కారణమేనని తనను తాను నిందించుకుంటాడు, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నప్పుడు ఆమె సామాన్లున్న పెట్టెలన్నీ పంపించేస్తాడు. భర్త పోతే మళ్ళీ పెళ్ళాడకుండా ఉండిపోయిన వితంతువును ప్రభుత్వమే సత్కరించిన రోజుల్లో ఈ కథ రాయడం చిన్న సంగతి కాదు.

తెలివి ఉంటే శీలం ఉండదా?

1626లో ఫెంగ్ ‘తెలివి సంచి’ అనే పుస్తకం తెచ్చాడు. చరిత్రలో తెలివిగా వ్యవహరించిన వాళ్ళ ఉదంతాలు అందులో కూర్చాడు. ఒక విభాగం మొత్తం స్త్రీలకే కేటాయించాడు. ఆ రోజుల్లో ఒక సామెత లాంటి మాట బాగా చెలామణిలో ఉండేది. మగవాడికి శీలమే ప్రతిభ, ఆడదానికి ప్రతిభ లేకపోవడమే శీలం అని. ఆడపిల్లకు చదువెందుకు అనేవాళ్ళకు ఇంతకంటే పెద్ద ఆయుధం ఏం కావాలి?

ఆ విభాగం మొదట్లో ఫెంగ్ ఈ మాటను పట్టుకొని నిలదీశాడు. ప్రతిభ అంటే తెలివే కదా, తెలివి లేకపోతే మిగిలేది అజ్ఞానం కదా అన్నాడు. ప్రతిభ లేకపోవడమే శీలమైతే లోకంలో ఏమీ తెలియని స్త్రీలంతా శీలవతులనాలా అని అడిగాడు. చౌ రాజ్యాన్ని నిలబెట్టిన సమర్థుల్లో ఒక స్త్రీ కూడా ఉందని కన్ఫ్యూషియస్ స్వయంగా అన్నాడు కదా, ప్రతిభ ఉందని ఆమె శీలాన్ని తక్కువ చేయలేదు కదా అన్నాడు. ఎదుటివాళ్ళ గ్రంథంలోంచే ఎదుటివాళ్ళకు జవాబు చెప్పడం ఇది. మత గ్రంథాలను చూపి మన నోరు మూయించాలని చూసినప్పుడు మనవాళ్ళు చేసిన పని కూడా ఇదే.

షౌనింగ్‌లో నాలుగేళ్ళు

1630లో, యాభై దాటాక, ఆయనకు కింది స్థాయి పట్టా ఒకటి దక్కింది. కొంతకాలం విద్యాశాఖలో చిన్న ఉద్యోగం చేశాడు. 1634లో ఫూచియెన్ రాష్ట్రంలోని షౌనింగ్ అనే జిల్లాకు అధికారిగా వేశారు. కొండలు, రాళ్ళు, పేదరికం. 1638 దాకా అక్కడ ఉన్నాడు. ఉండగానే 1637లో ఆ జిల్లా గురించి ఒక పుస్తకం రాశాడు. భూములు, పన్నులు, కోటగోడలు, ఆచారాలు, తాను చేసిన పనులు అన్నీ అందులో ఉన్నాయి.

అందులో ఒక ఆచారం గురించి ఇలా ఉంది. అవసరం వస్తే అక్కడి పేదలు భార్యలను తాకట్టు పెడతారు, అమ్ముతారు, దాన్ని తప్పుగా అనుకోరు. కొందరు పిల్లల్ని కనిపెట్టడానికి భార్యను మరొకరికి అద్దెకు ఇస్తారు. ఏడాదికి ఒక్క లియాంగ్ వెండి. అంటే మూడు తులాల పైచిలుకు. మూడేళ్ళు గడువు. గడువు తీరాక ఇంటికి తెచ్చుకుంటారు. కన్న బిడ్డ అక్కడే ఉండిపోతుంది. ఆ తల్లి ఏమనుకుందో పుస్తకంలో లేదు. కానీ ఆ ధర రాసిపెట్టినందువల్ల, స్త్రీ గర్భానికి అప్పుడు కట్టిన వెల ఎంతో ఇవాళ మనకు తెలిసింది.

ఆ జిల్లాలో ఆడపిల్ల పుడితే నీళ్ళలో ముంచి చంపడం మామూలు. ఫెంగ్ జారీ చేసిన ప్రకటన సాహిత్య భాషలో లేదు. ఊళ్ళో చదివి వినిపిస్తే ఎవరికైనా అర్థమయ్యే భాషలో ఉంది. కథలు రాసిన చెయ్యే దాన్ని రాసిందని తెలిసిపోతుంది. పది నెలలు మోసి కన్న బిడ్డ, ఆడైనా మగైనా నీ రక్తమే కదా, ఎలా చంపబుద్ధయింది అని అడుగుతాడు. ఆడపిల్లను ఎవరూ పెంచకపోతే నీ భార్య ఎక్కడి నుంచి వచ్చేదని తండ్రిని అడుగుతాడు. నిన్ను పెంచకపోతే నువ్వు ఎలా బతికి ఉండేదానివని తల్లిని అడుగుతాడు. కొడుకులంతా తల్లిదండ్రుల్ని చూస్తారనీ లేదు, కూతుళ్ళంతా చూడరనీ లేదు అంటాడు.

తర్వాత నిబంధనలు. ఇవి శ్రద్ధగా వినండి. బిడ్డను ముంచబోయినా, పారేయబోయినా ఇరుగుపొరుగు ఫిర్యాదు చేయాలి. అప్పుడు ఇంటి మగవాడికి ముప్ఫై దెబ్బలు, నెల రోజులు మెడకు బొండకొయ్య. ఫిర్యాదు చేసినవాళ్ళకు అర లియాంగ్ బహుమతి. తెలిసీ దాచిపెడితే ఇరుగుపొరుగుకూ అదే నేరం. ఏ కారణం వల్లనైనా బిడ్డను పెంచలేకపోతే ఆ విషయం చెప్పి, పాలిచ్చే తల్లి ఉన్న మరో ఇంటికి ఇవ్వవచ్చు. పెంచుకునేవాళ్ళకు లియాంగ్‌లో పదో వంతులు మూడు ఇస్తారు, అధికార పత్రం కూడా ఇస్తారు. పెద్దయ్యాక కన్నవాళ్ళు వచ్చి మా పిల్ల అనడానికి వీల్లేదు. ప్రతి నెలా అమావాస్య మరునాడూ పౌర్ణమికీ ఊరి పెద్ద ఇచ్చే నివేదికలో మా ఊళ్ళో ఆడపిల్లను ముంచలేదు అని రాసివ్వాలి.

ఇందులో మూడు సంగతులు నాకు ముఖ్యంగా తోచాయి. మొదటిది, శిక్ష మగవాడికి. బాలింతరాలిని దోషిగా నిలబెట్టలేదు. ఇంట్లో నిర్ణయం ఎవరిదో ఆయనకు తెలుసు. మన దేశంలో 1994లో వచ్చిన లింగ నిర్ధారణ నిరోధక చట్టంలో కూడా, గర్భవతిని భర్తో బంధువులో బలవంతపెట్టారని, కాదని రుజువయ్యేదాకా, కోర్టు భావించాలని ఉంది. ఆ నిబంధన ఊరికే రాలేదు. రెండోది, నిషేధంతో పాటు దారి కూడా చూపించాడు. పెంచలేను అనే తల్లిని నేరస్తురాల్ని చేయకుండా బిడ్డకు మరో ఇల్లు చూపించాడు. మూడోది, ఊరి పెద్దను నెలకు రెండుసార్లు జవాబుదారీ చేశాడు.

లోపాలూ చూడాలి. ఫిర్యాదుకు అర లియాంగ్, బిడ్డను తెచ్చి పెంచేవాళ్ళకు అంతకంటే తక్కువ. చెప్పడం ఒక్క రోజు పని, పెంచడం పదిహేనేళ్ళ పని. పెంచే పనికి వెల కట్టడంలో ప్రభుత్వాల లెక్క ఎప్పుడూ ఇంతే. ఇక, ఆడపిల్లను చంపించే కారణాలు, అంటే పేదరికం, పెళ్ళి ఖర్చు, ఇంటిపేరు నిలబెట్టే కొడుకు కావాలనే ఆచారం, ఈ ప్రకటన వాటి జోలికి పోలేదు. జీతంలోంచి డబ్బు తీసి బహుమతులిచ్చానని, దురాచారం వెంటనే ఆగిపోయిందని ఫెంగ్ రాసుకున్నాడు. మనమూ రిపోర్టులు రాసేవాళ్ళమే కాబట్టి ఆ వాక్యాన్ని ఎలా చదవాలో మనకు తెలుసు. ఆయన వెళ్ళిపోయాక రెండు వందల ఏళ్ళకు కూడా ఫూచియెన్‌లో ఆడశిశువుల హత్యలు జరుగుతూనే ఉన్నాయి. ఒక మంచి అధికారి బదిలీతో ముగిసిపోయే సంస్కరణ ఎంత బలహీనమో ఇది చెబుతుంది.

తీసుకోవాల్సింది, వదిలేయాల్సింది

ఆయన వాదన దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆడపిల్ల లేకపోతే నీకు భార్య ఎక్కడిది? ఈ మాట మనకు కొత్తదా? మన గోడల మీద, బ్యానర్ల మీద ఎన్నిసార్లు రాశాం? అమ్మ కావాలి, భార్య కావాలి, చెల్లి కావాలి, మరి కూతురు వద్దా అని. నేను కూడా ఒక ఊళ్ళో మీటింగులో ఇదే మాట చాలా ఉత్సాహంగా చెప్పాను. వెనక కూర్చున్న ఒకావిడ లేచి, అయితే నా బిడ్డ బతకాల్సింది ఎవరి కొడుకు పెళ్ళి కోసమో అన్నమాట అంది. నవ్వుతూనే అంది. నాకు జవాబు దొరకలేదు.

ఆమె చెప్పిందే అసలు సంగతి. ఆ వాదన విని మగవాడు బిడ్డను బతకనిస్తాడేమో. కానీ బతికిన బిడ్డ విలువ అతని అవసరంతోనే ముడిపడి ఉంటుంది. ఏడాదికి ఒక లియాంగ్‌కు భార్యను అద్దెకిచ్చేదీ ఆ అవసరమే. ఆడవాళ్ళు తగ్గిపోతే ఉన్నవాళ్ళకు గౌరవం పెరుగుతుందని కొందరు అనుకున్నారు. ఆడవాళ్ళు తగ్గిన చోట పెళ్ళికూతుళ్ళను కొనడం, ఎత్తుకురావడం పెరిగింది. చైనాలోనూ, మన దేశంలోనూ అదే జరిగింది. లింగ నిర్ధారణను చైనా 1994లోనే చట్టంతో నిషేధించింది. అయినా 2020 జనాభా లెక్కల్లో అక్కడ ప్రతి 100 మంది ఆడపిల్లలకు 111 మంది మగపిల్లలు పుట్టినట్టు తేలింది. మన దేశంలో ఆరేళ్ళ లోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 945 మంది, 2001లో 927 మంది, 2011లో అంతకంటే తక్కువ. నదిలో ముంచడం పోయి స్కానింగ్ వచ్చింది.

అందుకే నా అభిప్రాయం ఇది. ఫెంగ్ దగ్గర ఆయన చెవి తీసుకుందాం, ఆయన వాదన వదిలేద్దాం. పనికిమాలినవని అందరూ అన్న పాటలు విన్న చెవి అది. శిక్ష ఎవరికి పడాలో, దారి ఎవరికి చూపించాలో ఆయనకు తెలిసింది అలా విన్నందువల్లనే అని నా నమ్మకం. జనానికి చెప్పాల్సింది జనం భాషలో చెప్పాలన్న పట్టుదల కూడా తీసుకుందాం. మన కరపత్రాల భాష ఒక్కోసారి మనకే అర్థం కాదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ ఆడపిల్ల ఎందుకు బతకాలి అన్న ప్రశ్నకు, ఇంకొకరికి పనికొస్తుంది కాబట్టి అని జవాబు చెప్పడం మానేద్దాం. ఆమె పుట్టింది కాబట్టి బతకాలి. అంతకంటే కారణం అడిగే హక్కు ఎవరికీ లేదు.

చివరగా ఒక మాట. 1644లో మింగ్ రాజ్యం కూలిపోయింది, రెండేళ్ళకు ఫెంగ్ చనిపోయాడు. తర్వాతి కాలంలో ఆయన కథా సంపుటాలు సొంత దేశంలోనే దాదాపు కనబడకుండా పోయాయి. కొన్ని కథలతో వచ్చిన ఒక సంకలనం మాత్రం జనంలో మిగిలింది. 20వ శతాబ్దంలో జపాన్ గ్రంథాలయాల్లో పాత ప్రతులు బయటపడ్డాయి. కొండ పాటలు 1930లలో మళ్ళీ అచ్చయ్యాయి. అప్పటికి చైనాలో వాడుక భాష ఉద్యమం వచ్చింది, స్త్రీల స్వేచ్ఛ గురించిన చర్చ కూడా అవే పత్రికల్లో సాగింది. 120 కథలూ ఇంగ్లీషులోకి మూడు సంపుటాలుగా 2000, 2005, 2009లలో వచ్చాయి. ఇంగ్లీషు చదవగలిగిన మిత్రులు కొన్నయినా తెలుగులోకి తెస్తే మన పత్రికకు, మన తరగతులకు ఉపయోగపడతాయి. తూ షీనియాంగ్ కథతో మొదలుపెట్టండి. చదివాక, ఆమె ఎక్కడికి వెళ్ళి ఉండవచ్చో, అలా వెళ్ళగలగడానికి ఏమేం ఉండాలో స్త్రీలతో కూర్చొని చర్చించండి.